ఒళ్ళు రుద్దిన చేతులు

చైతన్యపురి మెట్రో స్టేషన్‌లో దిగి ఫణిగిరి కాలనీ వైపు నడిస్తే మూసీ ఒడ్డున ఒక రాతిగుట్ట వస్తుంది. గుట్ట మీద లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. గుడికొచ్చే జనంలో చాలామంది గమనించకుండానే దాటిపోయే బండ ఒకటి అక్కడుంది. దాని మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కిన అక్షరాలున్నాయి. విష్ణుకుండిన గోవిందవర్మ కాలం నాటివి, అంటే 5వ శతాబ్దపువి. చార్మినార్ కట్టడానికి వెయ్యేళ్ళకు పైగా ముందు ఇక్కడ గోవిందరాజ విహారం పేరుతో బౌద్ధ భిక్షువుల నివాసం ఉండేదని ఆ రాత చెబుతుంది. శాసన పరిశోధకుడు పరబ్రహ్మశాస్త్రి గారు దాన్ని చదివి లోకానికి చెప్పారు. హైదరాబాదు నగరంలో దొరికిన శాసనాల్లో ఇంతకు మించి పాతదాన్ని నేనెరగను. అందులో గంధకుటి సేవ చూసుకునే వాళ్ళ ప్రస్తావన కూడా ఉంది. గంధకుటి అంటే బుద్ధుడి కోసం ఉంచే పరిమళాల గది.

ఆ గుట్టకు నడిచిపోయేంత దూరంలోనే విజయవాడ రోడ్డు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో పిల్లర్లకు రెండు పక్కలా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, బట్టల షాపులు, వాటి పై అంతస్తుల్లో సెలూన్లు, పార్లర్లు, స్పాలు. బోర్డుల మీద బాడీ స్క్రబ్, బాడీ పాలిష్ అని రాసుంటుంది. కాఫీ పొడి, పంచదార, ఉప్పు, ఓట్స్, గంధం – ఏదో ఒకటి నూనెలో కలిపి ఒళ్ళంతా రుద్ది, పైపైన పేరుకున్న చచ్చిన చర్మాన్ని తీసేసే పని. మా అన్న బిడ్డ కొత్తపేటలో ఆ పని చేస్తుంది. మా తాత చేసిందీ అదే, మా నాయనమ్మ చేసిందీ అదే. మాది నకిరేకల్ దగ్గర ఒక ఊళ్ళో మంగలి ఇల్లు. నేను బడిపంతులుగా సాంఘికశాస్త్రం చెప్పి రిటైరై చైతన్యపురిలో ఉంటున్నాను.

ఒంటికి పట్టిన మట్టిని మరొకరి చేత్తో తీయించుకోవడమన్నది ఈ నేల మీద ఎంత పాతదో, ఆ చేతులు ఎవరివో రాయాలని నాకు ఎప్పటినుంచో ఉంది. పిండి గురించి, నూనె గురించి, అత్తరు గురించి రాసినవాళ్ళు ఉన్నారు. రుద్దిన మనిషి గురించి రాసినవాళ్ళు చాలా తక్కువ.

గుట్ట మీది భిక్షువుల దగ్గరే మొదలుపెడతాను. గోవిందరాజ విహారంలో స్నానాలు ఎలా సాగాయో ఆ బండ చెప్పదు. కానీ బౌద్ధ సంఘం స్నానం గురించి పెట్టుకున్న నియమాలు పాళీ వినయపిటకంలో ఉన్నాయి. అందులోని చుల్లవగ్గలో ఒక అధ్యాయం స్నానం ముచ్చటతోనే మొదలవుతుంది. ఆరుగురు అల్లరి భిక్షువులు స్నానం చేస్తూ చెట్టు మానుకు తొడలు, చేతులు, రొమ్ము, వీపు ఆనించి రుద్దుకుంటారు. చూసిన జనం, వీళ్ళు సన్యాసులా, కుస్తీ పట్టేవాళ్ళా అని ఈసడించుకుంటారు. బుద్ధుడు ఆ పని వద్దంటాడు. వాళ్ళు స్తంభానికి రుద్దుకుంటారు. అదీ వద్దంటాడు. గోడకు రుద్దుకుంటారు. అదీ కాదంటాడు. తర్వాత కొయ్యతో చేసిన చేయి, పొడి అద్దిన పూసల దండ, చెక్కిన తోముడు పరికరం, ఒకరినొకరు పట్టుకుని రుద్దుకోవడం – వరసగా ఒక్కొక్కటీ వస్తుంది, ఒక్కొక్కటీ నిషేధంలోకి పోతుంది.

ఇంతవరకు చదివితే కఠినమైన సన్యాసి నియమాల్లాగే ఉంటుంది. నన్ను ఆపేసింది ఆ తర్వాతి భాగం. జబ్బుపడ్డ భిక్షువు ఒకడు, ఆ తోముడు పరికరం లేకపోతే ఒళ్ళు బాగుండటం లేదంటాడు. చెక్కడం లేని నున్నటి పరికరం వాడుకోమని బుద్ధుడు అనుమతిస్తాడు. ముసలివాడై బలం తగ్గిన భిక్షువు ఒకడు తన ఒళ్ళు తాను రుద్దుకోలేకపోతాడు. గుడ్డపట్టీ వాడుకోమంటాడు. ఇంకొకరి వీపు రుద్దడానికి భిక్షువులు జంకుతుంటే, మామూలు చేత్తో రుద్దవచ్చని చెబుతాడు. జబ్బు మనిషికి, ముసలి మనిషికి, వీపు అందని మనిషికి ఇంకో చేయి కావాలి. విలాసం వద్దన్న ధర్మం కూడా ఆ చేతిని కాదనలేదు.

అదే పిటకంలోని మహావగ్గలో శిష్యుడు గురువుకు చేయవలసిన పనుల జాబితా ఉంది. గురువు ఆవిరి గదికి వెళ్ళాలనుకుంటే శిష్యుడు ముందుగా స్నానపు పొడి కలిపి పెట్టాలి, మన్ను తడిపి ఉంచాలి, పీట పట్టుకుని వెనక నడవాలి, లోపల గురువు ఒళ్ళు రుద్దాలి. ఆ ఆవిరి గదిని భిక్షువులకు అనుమతించమని అడిగింది వైద్యుడు జీవకుడు. విందు భోజనాలతో భిక్షువుల ఒళ్ళు చెడిపోతోందని ఆయన వైశాలిలో చూసి చెప్పాడట. పొడి, తడి మన్ను, వేడి గది, రుద్దే చేయి – ఇవాళ స్పాలో వరస కూడా ఇంచుమించు ఇదే. తేడా ఒక్కటుంది. అక్కడ రుద్దిన శిష్యుడు రేపు గురువవుతాడు, అతని ఒళ్ళు ఇంకో శిష్యుడు రుద్దుతాడు. చేతులు మారుతూ ఉంటాయి. నేను చదివిన చరిత్రలో ఈ పనిలో చేతులు మారిన చోటు మరొకటి కనపడలేదు.

తవ్వకాల్లో దొరికిన వస్తువులు ఇంకా వెనక్కి తీసుకుపోతాయి. మొహెంజోదారోలో గరుకుగా కాల్చిన మట్టి రుద్దుడు బిళ్ళలు దొరికాయని అక్కడ తవ్వకాలు జరిపిన మెకే రాశాడు. శాతవాహనుల కాలంలో జనం కిటకిటలాడిన, మహారాష్ట్రలోని నేవాసాలోనూ అలాంటివి బయటపడ్డాయి. మా ఇంట్లో బావి గట్టు మీద కాళ్ళు తోముకోవడానికి ఒక ఇటుక పెచ్చు ఎప్పుడూ ఉండేది. బీరపీచు ఉండేది. పరికరాల్లో రెండు వేల ఏళ్ళలో వచ్చిన మార్పు పెద్దగా ఏమీ లేదు.

ఆయుర్వేదం ఈ పనికి ఉద్వర్తనమని పేరు పెట్టి దినచర్యలో చేర్చింది. వాగ్భటుడు అష్టాంగహృదయంలో అభ్యంగనం, వ్యాయామం, ఉద్వర్తనం, స్నానం అని వరస చెప్పి, ఉద్వర్తనం వల్ల కఫం తగ్గుతుంది, కొవ్వు కరుగుతుంది, అవయవాలు గట్టిపడతాయి, చర్మం తేటబడుతుంది అన్నాడు. మన తెలంగాణను కూడా ఏలిన కళ్యాణి చాళుక్యుల్లో మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో మానసోల్లాసం రాస్తూ రాజు అనుభవించే భోగాల్లో స్నానానికి ఒక ప్రకరణమే ఇచ్చాడు. సువాసన నూనెలు, మర్దన, నూనె జిడ్డు పోయేందుకు రుద్దే ముద్దలు, అన్నీ అందులో ఉన్నాయి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పయస్, కృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, అదే నూనె ఒళ్ళంతా పట్టించుకుని, బరువులెత్తి, కత్తి తిప్పి, ఆ నూనె చెమటతో బయటికొచ్చేదాకా సాధన చేసేవాడనీ, కుస్తీ పట్టి, గుర్రం స్వారీ చేసి, ఆ తర్వాత ఒక బ్రాహ్మణుడు స్నానం చేయించేవాడనీ రాశాడు. రాజు సంగతి అంత వివరంగా చూసిన పయస్ ఆ స్నానం చేయించిన మనిషి పేరు మనకు చెప్పలేదు. అడిగి ఉండడు.

గోల్కొండలో చూడదగ్గది కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరి హమామ్, అంటే స్నానశాల. సుల్తాన్ కులీ కాలంలో, 16వ శతాబ్దం తొలి రోజుల్లో కట్టింది. తురకీ, పారసీక పద్ధతిలో వేడినీళ్ళకు, చన్నీళ్ళకు వేర్వేరు తొట్లు, నీళ్ళు పారే మట్టి గొట్టాలు, మధ్యలో పన్నెండు అంచులున్న ఎత్తైన అరుగు. పన్నెండు మంది ఇమాములకు గుర్తుగా ఆ పన్నెండు అంచులంటారు. బతికున్న రాజులు విలాసంగా స్నానం చేసిన చోటేమో అనుకుని పోతారు జనం. చనిపోయిన రాజులకు ఆఖరి స్నానం చేయించిన చోటని చెబుతారు. ఆగాఖాన్ ట్రస్టు చేతిలో మరమ్మతు జరిగాక ఇప్పుడు శుభ్రంగా ఉంది. ఆ అరుగు ముందు నిలబడితే, ఎంత పెద్ద సుల్తానైనా తన ఒళ్ళు తాను కడుక్కోలేని రోజొకటి ఉందని అర్థమవుతుంది.

ఒళ్ళు రుద్దే అలవాటు నగరంలో వేరే రూపాల్లోనూ ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గర్లోనే ఉన్న మలక్‌పేట, చంచల్‌గూడల్లో ముస్లిం ఇళ్ళల్లో పెళ్ళికి ముందు మంఝా రోజున పెళ్ళికూతురిని పసుపు బట్టల్లో కూర్చోబెట్టి ఉబ్టన్ పూస్తారు. శనగపిండి, పసుపు, చందనం, సువాసన వేర్లు. మన నలుగు కూడా అదే. రెండు పక్క పక్క వాడల్లో, రెండు భాషల్లో, ఒకే పని.

ఇక నలుగు సంగతికి వస్తాను. తెలుగు ఇళ్ళల్లో వినాయక చవితి కథ వినని పిల్లలుండరు. పార్వతీదేవి తన నలుగు పిండితోనే బొమ్మ చేసి ప్రాణం పోసిందని ఏటా చదువుకుంటాం. దేవుడు పుట్టిన పదార్థమది. అందుకే నలుగు అనగానే మన వాళ్ళకు మురికి అన్న ఊహ రాదు, శుభం అన్న ఊహే వస్తుంది. భోగికి, ఉగాదికి, నరక చతుర్దశికి తలంటు. పురిటి స్నానానికి నలుగు. పెళ్ళికి నలుగు. పెళ్ళయ్యాక వధూవరులు ఒకరికొకరు నలుగు పెట్టుకుంటుంటే ఆడవాళ్ళు రెండు జట్లుగా చేరి పాడే పాటలు వేరే ఉన్నాయి. బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో పరిశోధన చేసి 1958లో అచ్చు వేసిన జానపద గేయ సాహిత్య గ్రంథం వల్లా, ఆయన వెనక నడిచిన సేకర్తల వల్లా పెళ్ళిపాటలు కొన్నయినా పుస్తకాల్లోకి ఎక్కాయి.

మా వైపు పెళ్ళికి ముందు మైలపోలు తీస్తారు. పిల్లను పీట మీద కూర్చోబెడతారు. మంగలి వచ్చి గోళ్ళు తీస్తాడు. చాకలి బట్టలు తెస్తుంది, కుమ్మరి ఇంటి నుంచి ఐరేని కుండలు వస్తాయి. ముత్తయిదువలు తలా కాస్త నూనె, పసుపు అంటిస్తారు. అంటించి లేస్తారు. అసలు రుద్దే పని ఆ తర్వాత మొదలవుతుంది. అది మా నాయనమ్మది.

ఆమె సున్నిపిండి ఎలా చేసేదో నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. పెసలు ఎండబెట్టి, ఒక పాలు శనగపప్పు, ఇంకాస్త తక్కువ బియ్యం కలిపేది. కచ్చూరాలు, తుంగముస్తలు, వట్టివేళ్ళు, ఎండిన గులాబీ రేకులు, పసుపు కొమ్ములు. బత్తాయి తొక్కలు ఇంటి కప్పు మీద వారాల తరబడి ఎండేవి. మాది బత్తాయి తోటల జిల్లా కదా, తొక్కలకు కొదవ లేదు. బావంచాలు మాత్రం గుప్పెడు మించి వేసేది కాదు. అన్నీ రాతి విసురురాయిలో వేసి విసిరేది. పిండిని బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపి చూసి, చాలకపోతే మళ్ళీ పోసేది. "మెత్తగ విసిరితె మట్టి పట్టది, బరకగుంటె పిల్ల ఒళ్ళు గీరుకపోతది" అనేది. ఆ మధ్య గరుకుతనాన్ని పట్టుకోవడమే విద్య. ఇవాళ కంపెనీలు స్క్రబ్ డబ్బాల మీద ఎంత సన్నమో, ఎంత గరుకో రాస్తున్నాయి. ఆమెకు అది వేళ్ళ కొసల్లో ఉండేది.

రుద్దడం కూడా ఒక వరసలో సాగేది. ముందు నువ్వుల నూనె పట్టించి నానబెట్టేది. తర్వాత పిండిని పెరుగు మీగడతో తడిపి అరచేతిలోకి తీసుకుని పాదాల దగ్గర మొదలుపెట్టి పైకి వచ్చేది. మోకాలి చిప్ప చుట్టూ, మోచేతుల దగ్గర, మెడ వెనక ఎక్కువసేపు ఆగేది. పిండి తడారేకొద్దీ మట్టిని పట్టుకుని సన్నటి వత్తులుగా రాలేది. పెసరపిండి నూనెను పీల్చుకుంటుంది, గరుకు రేణువులు పైపొరను కదిలిస్తాయి, పెరుగులోని పులుపు ఆ పొరను మెత్తబరుస్తుంది. మన చర్మం పైపొర సుమారు నాలుగు వారాలకొకసారి తనంతట తానే మారుతుంటుంది, రాలవలసిన దాన్ని రాలనివ్వడమే నలుగు చేసే పని. ఈ సంగతులన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆమె చదవలేదు, చేసింది.

బావంచాల గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ గింజల్లో సోరాలెన్ అనే పదార్థముంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కందిపోతుంది, నల్లబడుతుంది, బొబ్బలూ రావచ్చు. ఆ గుణం వల్లే బొల్లి వైద్యంలో బావంచాలు వాడతారు. ఎర్రగడ్డలోని యునానీ చర్మవ్యాధుల సంస్థ బొల్లి వైద్యానికి పేరున్నది. ఇప్పుడు కొందరు ఇంట్లో సున్నిపిండి చేసి అమ్ముతూ, సహజమైనదే కదా అని బావంచాలు దండిగా పోస్తున్నారు. అది తప్పు. మా నాయనమ్మ గుప్పెడు లెక్క ఊరికే పెట్టుకున్నది కాదు, రుద్దిన రోజు పిల్లను ఎండలోకి పంపకపోవడమూ ఊరికే కాదు.

ఆమె మంత్రసాని కూడా. ఊళ్ళో కాన్పులు చాలావరకు ఆమె చేతి మీదుగానే జరిగేవి. కాన్పు చేసి పోవడంతో పని అయిపోదు. రోజూ పొద్దున్నే బాలింతకు నూనె పెట్టి నలుగు, సలసల కాగే నీళ్ళు. పసిబిడ్డను చాపిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, చేతికి నూనె రాసుకుని, తల గుండ్రంగా రావాలని ఒత్తి, ముక్కు సాగదీసి, కాళ్ళూ చేతులూ ఎదురెదురుగా మడిచి, పిండితో రుద్ది, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, నిద్రపుచ్చి ఇచ్చేది. దానికి ఇచ్చేది ఏమిటి? పురుడు వెళ్ళిన రోజున ఒక చీర, కుంచెడు బియ్యం, కొంత దినుసు. ఇచ్చినవాళ్ళిచ్చారు, ఇవ్వనివాళ్ళు ఇవ్వలేదు. అడిగే హక్కు ఉండేది కాదు.

తాత చేసిన పని దీనికంటే బరువైంది. మంగలికి ఏటా కళ్ళం దగ్గర మేర ధాన్యం ముడుతుందని, దాంతో ఊరంతటికీ క్షవరం చేయాలని లెక్క. రైతుల దగ్గర ఆ లెక్క నడిచేది. దొర ఉండే గడీ దగ్గర నడిచేది కాదు. నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో చాకలి, మంగలి, కుమ్మరి, బేగారి కులాలవాళ్ళంతా దొరకు, పటేలుకు, పట్వారీకి, ఊళ్ళోకి దిగిన సర్కారు అధికారికి ఉత్తపుణ్యానికి చేసిన పనిని వెట్టి అంటారు. పుచ్చలపల్లి సుందరయ్య గారు తెలంగాణ పోరాటం మీద 1972లో వెలువరించిన గ్రంథంలో ఏ కులం ఏ వెట్టి చేసిందో రాస్తూ, మంగలివాళ్ళు రాత్రిపూట దొరల కాళ్ళు పట్టి, ఒళ్ళు మర్దన చేయవలసి వచ్చేదని నమోదు చేశారు. ఆ ఒక్క వాక్యంలో మా తాత జీవితముంది.

పొద్దున గడీలో దొరకు నూనె పట్టించి, పిండితో ఒళ్ళు రుద్ది, నీళ్ళు తోడి పోయాలి. రాత్రి భోజనాలయ్యాక మళ్ళీ పోయి కాళ్ళు ఒత్తాలి. "గురక వినవడంగనె లేస్తె దెబ్బలు పడుతయి. గురక వట్టినంక గూడ ఇంకింత సేపు ఒత్తాలె" అని తాత చెప్పేవాడు. వినేప్పుడు మా నాయిన ముఖం చూడలేకపోయేవాణ్ణి. పిల్లవాడిగా ఆయన దీపం పట్టుకుని తాత వెంట గడీకి పోయి, అరుగు మీద పడుకుని తెల్లవారుజాము దాకా ఎదురుచూసేవాడు. ఇంటికొచ్చాక మా నాయనమ్మ, గడీలో ఇంత నూనె ఒంపిన తాత చేతులకు తన చేత్తో ఇంత ఆముదం రాసేది. ఎవరి నొప్పులకు ఎవరు ఒత్తారన్న లెక్క మా ఇంట్లో ఉండేది, ఊరి లెక్కల్లో ఉండేది కాదు.

1930లో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ వెట్టిని పోగొట్టాలని అడుగుతూ వచ్చింది. తర్వాత కమ్యూనిస్టుల నాయకత్వంలో మా నల్లగొండ జిల్లా భగ్గుమంది. 1946 నుంచి 1951 దాకా సాగిన పోరాటంలో భూమి కోసం ఎంత కొట్లాడారో, వెట్టి పోవడం కోసం అంత కొట్లాడారు. భూమి గురించి పుస్తకాలు చాలా వచ్చాయి. ఒక మనిషి తన ఒళ్ళు తానే కడుక్కోవలసి రావడం ఎంత పెద్ద మార్పో మాత్రం అంతగా రాయలేదు. గడీలో ఆఖరిసారి నూనె గిన్నె కింద పెట్టి బయటికొచ్చిన రోజును మా తాత పండగలా చెప్పుకునేవాడు. ఆ తర్వాత ఆయన పెళ్ళిళ్ళలో సన్నాయి ఊదాడు, రచ్చకట్ట దగ్గర క్షవరం చేశాడు, కానీ మగవాడి ఒళ్ళు రుద్దలేదు. ఆ పని మా ఇంటి మగవాళ్ళకు అక్కడితో ఆగిపోయింది.

మా నాయనమ్మ పని ఆగడానికి కారణాలు వేరు. సబ్బు వచ్చింది. మైసూరు శాండల్ 1916లో మొదలైంది, టాటావాళ్ళ హమామ్ 1931లో. పల్లెల దాకా అవి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది కానీ, వచ్చాక నలుగు పండగలకే పరిమితమైంది. 1980లలో గంధం, పసుపు పేరు చెప్పి సంతూర్ వచ్చింది. పిండిలో ఉన్న పేర్లు రెండూ సబ్బు కాగితం మీదికి ఎక్కాయి. కాన్పులు దవాఖానాలకు మారాయి. అది మంచికే జరిగింది, తల్లీబిడ్డల ప్రాణాలు దక్కాయి, నేను వేరేగా అనను. కానీ కాన్పు తర్వాత నెల రోజులపాటు బాలింత నడుము పట్టుకుని చూసుకునే చేయి పోయింది. దాని బదులు ఏదీ రాలేదు.

మా అన్న నకిరేకల్ వదిలి ఈ విజయవాడ రోడ్డు పట్టుకునే హైదరాబాదు వచ్చాడు. నల్లగొండ వాళ్ళు బస్సు దిగిన చోటే ఇల్లు కట్టుకున్నట్టు ఎల్‌బీ నగర్, సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ మా జిల్లా మనుషులతో నిండిపోయాయి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు మా బత్తాయిలు లారీల్లో వచ్చేవి. అది బాటసింగారానికి తరలిపోయేదాకా ఆ వాసన ఈ రోడ్డు మీద ఉండేది. అన్న ఒక కుర్చీతో సెలూన్ పెట్టాడు, తర్వాత రెండు కుర్చీలయ్యాయి. 2007లో ఎల్‌బీ నగర్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్‌బీ నగర్ దాకా వచ్చింది. అద్దెలు పెరిగాయి. ఏసీ గదుల్లో పెద్ద పెద్ద సెలూన్లు దిగాయి, వాటి యజమానులు మా కులం వాళ్ళు కారు. పనిచేసేవాళ్ళలో మాత్రం మా పిల్లలున్నారు. 2021లో ప్రభుత్వం క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చినప్పుడు అన్నలాంటి చిన్న దుకాణాలకు ఊపిరి ఆడింది.

ఆయన బిడ్డ డిగ్రీ చదివి, బ్యూటీషియన్ కోర్సు చేసి, స్పాలో చేరింది. మొదట అన్న ఒప్పుకోలేదు. మళ్ళీ ఒకరి ఒళ్ళు రుద్దే పనేనా అని బాధపడ్డాడు. ఆ బాధ ఎక్కడిదో నాకు తెలుసు. ఒకరోజు నేనే కూర్చోబెట్టి అడిగాను, ఏం చేస్తావమ్మా అక్కడ అని.

"ముందు మాట్లాడుత బాబాయ్. షుగర్ ఉందా, చర్మం మీద పుండ్లు గాని, దద్దుర్లు గాని ఉన్నయా, నిన్న మొన్న వ్యాక్సింగ్ చేయించుకున్నరా అని అడుగుత. ఉంటె ఆ రోజు స్క్రబ్ చెయ్య" అంది. ఆడవాళ్ళకు మాత్రమే చేస్తుంది. పాదాల దగ్గర మొదలుపెట్టి గుండె వైపుకు వస్తుంది. మోకాళ్ళు, మోచేతుల దగ్గర ఎక్కువసేపు, మెడ దగ్గర తేలికగా. ఆమె మా నాయనమ్మను చూడలేదు. వరస మాత్రం మా నాయనమ్మదే. ఒకరికి ముప్పావుగంట పడుతుంది, రోజుకు నలుగురైదుగురు వస్తే సాయంత్రానికి బొటనవేళ్ళు మండుతాయని కుడిచేయి చాపి చూపించింది. ఉప్పు, పంచదార పలుకులు రోజంతా రాసుకుని వేళ్ళ కొసల మీది గీతలు అరిగిపోయాయి. ఆధార్ యంత్రం మీద వేలు పెడితే ఒక్కోసారి పట్టదట.

ఈ పని ఇవాళ ప్రపంచమంతా ఉంది. తురకీ హమామ్‌లో గరుకు తొడుగుతో రుద్దేవాళ్ళున్నారు. కొరియాలో స్నానపు ఇళ్ళల్లో అదే వృత్తిగా బతికేవాళ్ళున్నారు. 1960లలో బూసాన్‌లో పుట్టిన గరుకు గుడ్డ తొడుగులు ఇప్పుడు మన దుకాణాల్లోనూ దొరుకుతాయి. రెండు వందల ఏళ్ళ క్రితం పాట్నావాడు దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఆవిరి స్నానాల ఇల్లు పెట్టి, మన చంపీ, మర్దనలనే వైద్యంగా అమ్మి, రాజు నాలుగో జార్జికి మర్దన వైద్యుడనే హోదా పొందాడు. అదే చేతి పని ఒక దేశంలో వెట్టి, ఇంకో దేశంలో రాజవైద్యం. చేతిలో తేడా లేదు.

స్క్రబ్ చేయించుకునేవాళ్ళను నేను తప్పుపట్టను. డబ్బిచ్చి, వేళ చెప్పి, మర్యాదగా వచ్చి చేయించుకుంటున్నారు. గడీలో ఈ మూడూ లేవు. నా బిడ్డలాంటి పిల్లకు జీతముంది, సెలవుంది, ఎవరైనా హద్దు దాటి మాట్లాడితే గది వదిలి బయటికొచ్చే హక్కుంది. తాతకు దొరకనివి ఇవే. అయితే అందరికీ ఇవి దొరకడం లేదు. జీతం తక్కువ ఇచ్చి టిప్పుల మీద బతకమనే చోట్లున్నాయి, స్పా అనగానే ఆడపిల్లల వైపు వేరే చూపు చూసే మగవాళ్ళున్నారు. కులం పేరుతో చిన్నచూపు పోయిందనుకుంటే వృత్తి పేరుతో చిన్నచూపు వచ్చింది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. రెండు వేల ఏళ్ళుగా ప్రతి శుభకార్యానికీ పిలిచి, ప్రతి పసిబిడ్డనూ చేతుల్లో పెట్టి, ఆ చేతిని మాత్రం తక్కువదిగా చూసిన సమాజం మనది.

ఇప్పుడు చాలా పెళ్ళిళ్ళలో మైలపోలు బదులు హల్దీ వచ్చింది. పసుపు బట్టలు, పూల తెరలు, డ్రోన్ కెమెరా. పిండి ముఖానికి రాసి ఫొటో దిగుతారు, ఒళ్ళు ఎవరూ రుద్దరు. పెళ్ళికి వారం ముందు పెళ్ళికూతురు స్పాకు పోయి బాడీ పాలిష్ చేయించుకుంటుంది. అంటే నలుగులోని శుభం ఫంక్షన్ హాలుకు పోయింది, పని స్పాకు పోయింది. కిందటి ఏడాది మా బంధువుల పెళ్ళిలో మా అన్న బిడ్డ పెళ్ళికూతురికి తనే సున్నిపిండితో నలుగు పెట్టింది. మా నాయనమ్మ లెక్క నేను చెప్పాను, పిండి ఆమె విసిరింది, విసురురాయి లేక మిక్సీలో. వేళ్ళ మధ్య నలిపి చూసి, ఇంకోసారి తిప్పింది.

ఇది చదివేవాళ్ళకు నా విన్నపం ఒక్కటే. మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్ళు ఉంటే, వాళ్ళ పెళ్ళికి నలుగు పెట్టింది ఎవరు, వాళ్ళ పిల్లలకు నీళ్ళు పోసింది ఎవరు అని అడగండి. పేరు, ఊరు, ఏమిచ్చారో, పాడిన పాట గుర్తుంటే ఆ పాట, పిండిలో ఏవి ఎన్ని పాళ్ళో, అన్నీ ఫోన్‌లో రికార్డు చేసి, ఒక కాగితం మీద తేదీ వేసి రాసి పెట్టండి. రాజుల స్నానాలు పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. మంత్రసాని పేరు మీ అమ్మమ్మ నోట్లో తప్ప ఇంకెక్కడా లేదు, ఆమె ఉండగానే అడగాలి.